పదో మనిషి కోసం: 2003 నాటి గేమ్‌ని ఇంకా ఎలా నడిపిస్తున్నాం

ఈ ఎపిసోడ్‌కి స్క్రిప్ట్ రాసుకోలేదు. పాయింట్లు ఫోన్‌లో నోట్ చేసుకున్నా, అంతే. మధ్యమధ్యలో కిందికి చూస్తుంటే ఏమీ అనుకోకండి.

పోయిన నెల ఒక శనివారం సంగతితో మొదలుపెడతా. రాత్రి పది దాటింది. ఖాజాగూడలో నా రూమ్, బయట వాన. గుట్టల వైపు నుంచి నీళ్లొచ్చి మా గల్లీ మొత్తం నిండిపోయింది. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నా. స్క్రీన్ మీద మా సర్వర్, డస్ట్ టూ మ్యాప్. లోపల ఎంతమంది ఉన్నారంటే, ఏడుగురు.

కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్లకి ఆ ఏడు అనే నంబర్ ఎంత చెడ్డదో తెలుసు. సరిగ్గా ఆడాలంటే అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఏడుగురితో ఆడొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ముగ్గురున్న టీమ్ ఓడిన ప్రతి రౌండ్‌కీ "మేం ముగ్గురమే కదరా" అంటుంది, నలుగురున్న టీమ్‌కి గెలిచిన కిక్ ఉండదు. పది ఇరవైకి ఒకడు "రేపు పొద్దున ఊరెళ్లాలి మామా" అని వెళ్లిపోయాడు. ఆరుగురం. పదిన్నరకి నలుగురం. పదకొండుకి నేనొక్కడినే. ఎవరూ లేని డస్ట్ టూలో బీ సైట్ దాకా నడుచుకుంటూ వెళ్లా. నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి నిజంగా అనుకున్నా, ఇంక చాలు, ఈ నెల రెంట్ కట్టకుండా వదిలేద్దాం అని.

వదిలేయలేదు. ఎందుకు వదిలేయలేదు, ఏం మార్చాం, ఎక్కడ నేనే తప్పు చేశాను, అదే ఈ రోజు టాపిక్.

ముందు మన వ్యూయర్స్‌లో చిన్నవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. కౌంటర్ స్ట్రైక్ మొదట కంపెనీ చేసిన గేమ్ కాదు. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు హాఫ్ లైఫ్ అనే గేమ్ మీద మాడ్‌గా చేశారు. అంటే ఉన్న గేమ్‌ని విప్పి, దాని మీద ఇంకో గేమ్ కట్టడం. ఫ్రీగా పెట్టారు. జనం ఎగబడ్డారు. 2000లో వాల్వ్ కంపెనీ ఆ ఇద్దరినీ, గేమ్‌ని కూడా తనలోకి తీసుకుంది. 1.6 అనే వెర్షన్ 2003లో వచ్చింది. తర్వాత సోర్స్ వచ్చింది, 2012లో గ్లోబల్ అఫెన్సివ్, 2023 సెప్టెంబర్‌లో కౌంటర్ స్ట్రైక్ 2. ఇన్ని వచ్చినా 1.6ని ఇప్పటికీ రోజూ ప్రపంచంలో వేల మంది ఆడుతున్నారు.

మనకి ఈ గేమ్ ఎలా పరిచయం? నాకన్నా పెద్దవాళ్లకి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నెట్ కేఫ్‌లలో. నాకు బీటెక్ హాస్టల్‌లో. 2014లో జాయిన్ అయ్యా. ల్యాన్ కేబుల్ గుచ్చితే చాలు, పక్క బ్లాక్ వాడిని కాల్చొచ్చు. నెట్ అక్కర్లేదు. రాత్రి రెండింటికి పై ఫ్లోర్ నుంచి ఒక తిట్టు వినిపిస్తే, ఆహా, మన బుల్లెట్ తగిలింది అని అర్థం. మాలో ఎవడి దగ్గరా కొన్న కాపీ లేదు, అన్నీ పెన్‌డ్రైవ్‌లో తిరిగినవే. గొప్పగా చెప్పట్లేదు, ఉన్నది చెప్తున్నా. ఉద్యోగాలొచ్చాక చాలామంది స్టీమ్‌లో కొనుక్కున్నారు, అదొక పాపపరిహారం.

అదే టైమ్‌లో ఫోన్లో ఏం ఆడేవాళ్లం? మినీ మిలీషియా. ఒకడి హాట్‌స్పాట్, మిగతావాళ్లు కనెక్ట్. చివరి బెంచ్ మొత్తం తలలు దించుకుని ఉంటే లెక్చరర్ నోట్స్ రాసుకుంటున్నారనుకునేవారు. ఈ రెండు గేముల్లోనూ ఒకటి గమనించండి. సర్వర్ మన దగ్గరే ఉంది. గదిలోనే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

2018లో పాసవుట్ అయ్యాం. అందరూ చెల్లాచెదురు. కొందరు గచ్చిబౌలి, మాదాపూర్, కొందరు బెంగళూరు, ఇద్దరు ముగ్గురు ఎంఎస్‌కి అమెరికా. అప్పుడు మా బ్యాచ్‌లో ఒకడు, పేరు చెప్పను, అడ్మిన్ గాడు అని పిలుస్తా, ముంబైలో ఒక చిన్న సర్వర్ రెంట్‌కి తీసుకుని 1.6 పెట్టాడు. ఎందుకు ముంబై అంటే పింగ్. పింగ్ అంటే మీరు మౌస్ నొక్కిన సంగతి సర్వర్‌కి వెళ్లి తిరిగొచ్చే టైమ్. ఇక్కడి నుంచి ముంబైకి నా ఫైబర్ మీద ఇరవై, పాతిక మిల్లీసెకన్లు. సింగపూర్ సర్వర్ అయితే అరవై దాటుతుంది. అంత పాత గేమ్‌కి పెద్ద మెషీన్ కూడా అక్కర్లేదు. నెలకి ఆరేడు వందలు. ఒక బిర్యానీ, రెండు కూల్‌డ్రింకుల ఖర్చు.

ఇక్కడ అసలు పాయింట్. వాల్వ్ మొదటి నుంచీ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని జనం చేతికే ఇచ్చింది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని తన సర్వర్ తాను నడుపుకోవచ్చు. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌ని విడదీసి అర్థం చేసుకుని, బగ్స్ సరిచేసి రీహెచ్‌ఎల్‌డీఎస్ అని ఆటగాళ్లే ఇంకో వెర్షన్ రాశారు. అడ్మిన్ కమాండ్లు, ఓటింగ్, మ్యాప్ మార్చడం, ఇవన్నీ చేసే ఏఎంఎక్స్ మాడ్ ఎక్స్ కూడా ఓపెన్ సోర్సే. అంటే ఈ గేమ్‌కి ఆక్సిజన్ సిలిండర్ కంపెనీ చేతిలో లేదు.

దీనికి వ్యతిరేకం ఏంటో మీకందరికీ అనుభవమే. 2020 సెప్టెంబర్ 2, పబ్జీ మొబైల్ బ్యాన్. అక్టోబర్ 30కి సర్వర్లు కూడా ఆపేశారు. కోట్ల ఫోన్లలో యాప్ ఉంది, వేలు ఉన్నాయి, ఫ్రెండ్స్ ఉన్నారు, ఆట లేదు. 2021 జూలైలో బీజీఎంఐగా వచ్చింది. 2022 జూలై 28న మళ్లీ స్టోర్ల నుంచి మాయం. 2023 మేలో మళ్లీ వచ్చింది. బ్యాన్ మంచిదా చెడ్డదా అనే డిబేట్‌లోకి నేను వెళ్లట్లేదు, అది వేరే గొడవ. నేను చెప్పేది స్క్వాడ్ గురించి. మా రూమ్ వాళ్లకి పబ్జీలో రోజూ రాత్రి తొమ్మిదికి కలిసే నలుగురు ఉండేవారు. అందులో ఒకాయన కరీంనగర్‌లో మెడికల్ షాప్ అన్న. మేం ఎప్పుడూ ఆయన్ని చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. నంబర్ తీసుకోవాలని ఎవడికీ తట్టలేదు. సర్వర్ పోయింది, ఆయన కూడా పోయాడు. నేను మా 1.6 గ్రూప్‌లో మొదట పెట్టిన రూల్ దాని నుంచి వచ్చిందే: గేమ్ బయట కూడా కలవాలి. కనీసం ఫోన్ నంబర్ ఉండాలి.

కంపెనీ సర్వర్ ఆపేస్తే గేమ్ చచ్చిపోవడం మన దేశం గొడవే కాదు. ద క్రూ అని యూబీసాఫ్ట్ కార్ల గేమ్, 2014లో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. డబ్బులు పెట్టి కొన్నవాళ్లు కూడా ఒంటరిగా సైతం ఆడుకోలేకపోయారు. దాని మీద రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని ఉద్యమమే మొదలుపెట్టాడు. యూరప్‌లో పెట్టిన పిటిషన్‌కి 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటాయి. వాళ్లు అడిగేది ఫ్రీగా ఎల్లకాలం నడపమని కాదు. ఆపేటప్పుడు, ఆడుకునే దారి ఏదో ఒకటి వదిలిపెట్టండి అని. మా 1.6కి ఆ దారి ముందే ఉంది. అది అదృష్టం.

కానీ సర్వర్ మన చేతిలో ఉన్నంత మాత్రాన గేమ్ బతకదు. ఆ వానరాత్రి సర్వర్ బ్రహ్మాండంగా నడుస్తోంది. పింగ్ ఇరవై రెండు. మనుషులే లేరు.

ఎందుకు లేరు? నేను చాలా రోజులు అనుకున్నది, అందరికీ పెళ్లిళ్లయ్యాయి, అందరూ బిజీ, గేమ్ పాతబడింది. ఇదంతా నిజమే కానీ మొత్తం కాదు. గ్రూప్‌లో నలభై మంది పైగా ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగా. అవును, ఫోన్ చేసి. దాదాపు అందరూ ఒకే మాట: "నేను చూశా మామా, ముగ్గురే ఉన్నారు, సరే నిండాక వద్దామని క్లోజ్ చేశా."

ఇది షేర్ ఆటో ప్రాబ్లమ్. రాయదుర్గం మెట్రో దగ్గర చూడండి. ఒక్కడు కూర్చున్న ఆటో ఎవరూ ఎక్కరు, ఎప్పుడు కదులుతుందో తెలీదు కాబట్టి. అయిదుగురు ఉన్న ఆటో అయితే ఆరోవాడు పరిగెత్తుకుంటూ వస్తాడు. మా వాళ్లందరూ ఆరోవాడిగా రావాలనే చూస్తున్నారు. మొదటివాడిగా కూర్చోడానికి ఎవడూ రెడీ లేడు. అంటే మాకు లేనిది ఆటగాళ్లు కాదు, ఖాళీ ఆటోలో కూర్చునేవాళ్లు.

దీనికి ఒక దొంగ దారి ఉంది. ఆటో నిండినట్టు కనపడటానికి డ్రైవర్ తన ఫ్రెండ్‌నే వెనక సీట్లో కూర్చోబెట్టుకుంటాడు చూశారా, అదే. గేమ్‌లో దాన్ని బాట్స్ అంటారు, కంప్యూటర్ ఆడే బొమ్మలు. 1.6 సర్వర్ల లిస్టు తీసి చూడండి, ముప్పై రెండుకి ముప్పై మంది ఉన్నట్టు చూపిస్తుంది, లోపలికెళ్తే సగం ఉత్తుత్తివే. ఇంకా ఘోరమైనవి కూడా ఉన్నాయి. ఒకసారి లోపలికెళ్తే చాలు, మీ గేమ్ ఫైల్స్‌లో సెట్టింగ్ మార్చేసి, మీరు ఎప్పుడు ఓపెన్ చేసినా తమ సర్వర్‌కే లాక్కెళ్లేవి. ఇలాంటి వేషాల వల్లే కొత్తవాళ్లకి తెలీని సర్వర్‌లో అడుగుపెట్టాలంటే భయం.

మేం కూడా బాట్స్ పెట్టాం. ఒప్పుకుంటా. రెండు వారాలు. మొదటి వారం నిజంగానే జనం పెరిగారు. రెండో వారం ఒకడు మైక్‌లో, "నేను ఇప్పటిదాకా ఎవరితో మాట్లాడుతున్నానురా, గోడతోనా" అని వెళ్లిపోయాడు. ఆ మాటకి తీసేశాం.

తర్వాత చేసింది చాలా సింపుల్. ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. శనివారం తొమ్మిది నలభై అయిదుకి, ఎవరు వచ్చినా రాకపోయినా, ముగ్గురం లోపల ఉండాలి. ఆడక్కర్లేదు. కబుర్లు చెప్పుకుంటూ గోడల మీద స్ప్రే కొట్టుకుంటూ ఉండాలి. తినేది అక్కడే తినాలి. ఊరెళ్తే బదులు ఒకడిని చెప్పి వెళ్లాలి. రోజూ తెరిచే సర్వర్ కన్నా వారానికి ఒక్క రాత్రి నిండే సర్వర్ నయం అని మిగతా రోజులు వదిలేశాం. నలభై మందిని ఏడు రోజులకి పంచితే ఎవరికీ ఎవరూ దొరకరు. ఒక్క రాత్రికి తోస్తే పది మంది దొరుకుతారు. సంత వారానికోసారే ఎందుకు పెడతారో నాకు అప్పుడు అర్థమైంది.

సరే, ఇప్పుడు నా తప్పు.

మా ఫ్రెండ్ ఒకడు తన తమ్ముడిని తీసుకొచ్చాడు. బీటెక్ సెకండ్ ఇయర్. ఫోన్ గేమ్స్‌లో మంచి ప్లేయర్. ఇక్కడికొస్తే మౌస్, కీబోర్డు. మొదటి రాత్రి నలభై సార్లు చచ్చాడు, మూడు కిల్స్ కొట్టాడు. మేం ఏం చేశామో తెలుసా? గన్‌లు పక్కన పెట్టి కత్తితో వెంటపడ్డాం. ఒక రౌండ్‌లో వాడొక్కడే మిగిలితే అయిదుగురం చుట్టూ నిలబడి గెంతాం. మైక్‌లో అందరం నవ్వుతున్నాం. అందరికన్నా పెద్దగా నవ్వింది నేను. రికార్డింగ్ ఉంది నా దగ్గర, వేయను, నాకే సిగ్గు. వాడు చివర్లో "సరే అన్నా, గుడ్‌నైట్" అని టైప్ చేసి వెళ్లాడు. మళ్లీ నాలుగు నెలలు రాలేదు.

మాకు అది సరదా. హాస్టల్‌లో మా సీనియర్లు మమ్మల్ని అలాగే చేశారు. కానీ హాస్టల్‌లో పొద్దున్నే అదే సీనియర్‌తో టిఫిన్ తినేవాళ్లం, నోట్స్ ఇప్పించుకునేవాళ్లం. వెక్కిరింత వెనక ఒక మనిషి ఉండేవాడు. వాడికి మేం ఎవరం? హెడ్‌సెట్‌లో నవ్వే అయిదు గొంతులు. ఏళ్ల తరబడి ఒకే మ్యాప్ ఆడి ప్రతి గోడ మూల, ప్రతి డబ్బా ఎత్తు కంఠస్థం వచ్చినవాళ్ల మధ్యకి ఒక కొత్తవాడిని తోసి, వాడు నిలబడలేదని "ఈ జనరేషన్‌కి ఓపిక లేదు" అని డైలాగ్ వేశాం. పాత గేముల్లో ప్రతి చోటా జరిగేది ఇదే. పాతవాళ్లు ఒక్కొక్కరూ తగ్గుతుంటారు, ఉన్నవాళ్లు ఇంకా ఇంకా బాగా ఆడుతుంటారు, కొత్తవాడు ఎక్కాల్సిన మెట్టు ఏడాదికేడాది ఎత్తు పెరుగుతుంది. ఎక్కలేకపోతే తప్పు వాడిది అంటారు.

వాడికి ఫోన్ చేసి సారీ చెప్పా. పెద్ద డ్రామా ఏం లేదు. "పర్లేదన్నా, ఎగ్జామ్స్ ఉండె" అన్నాడు. ఎగ్జామ్స్ నాలుగు నెలలు ఉండవని ఇద్దరికీ తెలుసు.

అప్పటి నుంచి రెండు పద్ధతులు. ఒకటి, కొత్తవాడు వస్తే మా అందరిలో బాగా ఆడేవాడు వాడి టీమ్‌లోనే ఉండాలి, రౌండ్ మధ్యలో చచ్చిపోయాక వాడి స్క్రీన్ చూస్తూ చెప్పాలి, ఇక్కడ కూర్చో, ఇప్పుడు గన్ కొనకు, డబ్బులు దాచు అని. 1.6లో మొదటి రౌండ్‌కి చేతిలో 800 డాలర్లే ఉంటాయి, ఏకే కొనాలంటే 2500. ఎప్పుడు ఖర్చు పెట్టాలి, ఎప్పుడు ఒట్టి పిస్టల్‌తో రౌండ్ వదిలేయాలి అనేది ఎవరూ చెప్పకుండా తెలీదు. రెండోది, కత్తి సరదా మాలో మాకు ఓకే. పది రాత్రులు ఆడని వాడి మీద లేదు.

ఇంకో మాట, కొత్తవాళ్లు అసలు ఎక్కడి నుంచి వస్తారు అని నన్ను అడుగుతుంటారు. పోస్టర్లు, రీల్స్ పెట్టి చూశా, ఒక్కడూ రాలేదు. 2022 నవంబర్‌లో మన హైటెక్స్‌లో డ్రీమ్‌హాక్ పెట్టినప్పుడు వెళ్లా. ఆ లైట్లు, స్టేజీలు, జనం చూసి, ఇక్కడ పది మందిని పట్టుకుందాం అనుకున్నా. 1.6 అనగానే "అంకుల్ గేమ్ కదా బ్రో" అన్నారు. నాకప్పుడు పాతికేళ్లు! వచ్చినవాళ్లందరూ రెండే దారుల్లో వచ్చారు. ఒకటి, అన్న ఆడుతుంటే చూసిన తమ్ముడు. రెండు, కాలేజీ కోసం కొన్న మామూలు ల్యాప్‌టాప్ ఉండి, దాంట్లో కొత్త గేమ్ ఏదీ నడవనివాడు. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో కూడా 1.6 వెన్నలా పోతుంది. ఎప్పుడూ చిన్నతనం అనుకున్నదే మా బలం.

డబ్బుల గురించి చెప్పాలి. రెంట్ అందరం పంచుకుందాం అని యూపీఐలో తలా యాభై అడిగాం. వెంటనే గొడవ. కట్టినవాడు, "నేను కట్టా, సర్వర్ ఫుల్ అయితే నాకు సీట్ రిజర్వ్ చేయాలి" అంటాడు. ఇంకొకడు, "నెలకి రెండొందలు ఇస్తా, నాకు ఎక్స్‌ట్రా గ్రెనేడ్ ఇవ్వు" అన్నాడు. సీరియస్‌గానే అన్నాడు. చాలా సర్వర్లు ఇదే చేస్తాయి, వీఐపీ అని అమ్ముతాయి. డబ్బులొస్తాయి, ఆట పోతుంది. ఇంకా ఒకరిద్దరు "మ్యాచ్‌కి వంద వంద పెట్టుకుందాం, కిక్ ఉంటుంది" అన్నారు. దానికి మాత్రం అక్కడికక్కడే నో. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం మీద నిషేధం ఉంది, 2025లో కేంద్రం కూడా మనీ గేమ్స్‌ని బ్యాన్ చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం సంగతి అలా ఉంచండి. వంద పోగొట్టుకున్నవాడు వచ్చే వారం గెలవడానికి వస్తాడు, కలవడానికి రాడు. చివరికి ముగ్గురం ఉద్యోగస్తులం రెంట్ కట్టేస్తున్నాం, స్టూడెంట్స్ దగ్గర తీసుకోం, ఎవరికీ ఏ హక్కూ లేదు.

ఇప్పుడు అడ్మిన్ గాడి దగ్గరికొద్దాం. సర్వర్ పెట్టినవాడు. 2021లో డాలస్ వెళ్లిపోయాడు. మాకు శనివారం రాత్రి పది అంటే వాడికి పొద్దున పదిన్నరో పదకొండున్నరో, చలికాలం, ఎండాకాలాన్ని బట్టి. అక్కడి నుంచి ముంబైకి పింగ్ రెండొందలు దాటుతుంది. వాడు మనల్ని చూసి కాల్చేసరికి వాడు ఆల్రెడీ చచ్చిపోయి ఉంటాడు. కొన్నాళ్లు ఆడాడు, తర్వాత ఆడటం మానేసి ఊరికే స్పెక్టేటర్‌గా ఉండేవాడు. అక్కడ కాఫీ తాగుతూ, ఇక్కడ మేం ఆడుతుంటే చూస్తూ, మైక్‌లో "రేయ్ వెనక, వెనక" అని. అది రూల్‌కి విరుద్ధం, చచ్చినవాడు, చూసేవాడు చెప్పకూడదు. వాడికి మాత్రం మినహాయింపు.

పాస్‌వర్డ్ అన్నీ వాడి దగ్గరే. సర్వర్ కార్డు వాడిది, ఆర్‌కాన్ పాస్‌వర్డ్ వాడిది. 2023 నవంబర్‌లో హాఫ్ లైఫ్‌కి పాతికేళ్లయిన సందర్భంగా వాల్వ్ పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. పాత గేమ్‌ని తలుచుకున్నారని సంతోషం. కానీ ఇంజిన్ మారేసరికి చాలా పాత మాడ్స్ మొరాయించాయి. మా దాంట్లో ఓటింగ్ ప్లగిన్ పోయింది, మ్యాప్ మారితే సర్వర్ క్రాష్. సరిచేయడం నాకొచ్చు, అదే కదా ఉద్యోగం. కానీ లోపలికి వెళ్లే తాళం లేదు. వాడు ఆ వారమే ఉద్యోగం మారుతున్నాడు, వీసా టెన్షన్, ఫోన్ ఎత్తట్లేదు. ఆ పైన కార్డు ఎక్స్‌పైర్ అయి సర్వర్ మూడు రోజులు ఆగిపోయింది. ఆఫీసులో మేం ఒక జోక్ వేసుకుంటాం, ఈ కోడ్ తెలిసినవాడిని బస్సు గుద్దితే ప్రాజెక్ట్ గతేంటి అని. మా సర్వర్‌కి అలాంటివాడు ఒక్కడే, వాడు డాలస్‌లో ఉన్నాడు.

నాలుగో రోజు రాత్రి వాడే కాల్ చేశాడు. "మామా, అన్నీ నీకు పంపిస్తున్నా. ఇంక నా వల్ల కాదు" అన్నాడు. నేను ఏదో జోక్ వేయబోయా. వాడు నవ్వలేదు. "శనివారం పొద్దున లేవగానే మీ గొంతులు వినడానికే దాన్ని కట్టాను రా ఇన్నాళ్లూ" అన్నాడు. మేమేమో గేమ్ నడుపుతున్నాం అనుకుంటున్నాం.

ఇప్పుడు తాళాలు ముగ్గురి దగ్గర ఉన్నాయి. బ్యాకప్ ఇద్దరి లాప్‌టాప్‌లలో. ఇలాంటి విషయాలు వేరే కమ్యూనిటీలు ఎప్పుడో నేర్చుకున్నాయి. సిటీ ఆఫ్ హీరోస్ అనే గేమ్‌ని కంపెనీ 2012 నవంబర్‌లో మూసేసింది. ఫ్యాన్స్ ప్రైవేట్ సర్వర్లు పెట్టి నడిపారు. చివరికి 2024 జనవరిలో ఆ ఫ్యాన్ టీమ్‌కే కంపెనీ అధికారికంగా లైసెన్స్ ఇచ్చింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 చూడండి, 1999 గేమ్. ఫ్యాన్స్ సొంతంగా చేసిన ఎక్స్‌పాన్షన్‌ని 2013లో అధికారికంగా రిలీజ్ చేశారు. 2022లో ద్రవిడులు, బెంగాలీలు, గుర్జరులు అని మన దేశం నుంచే మూడు సివిలైజేషన్లు కలిపారు. ఇరవై మూడేళ్ల గేమ్‌లో!

కానీ నాకు బాగా పనికొచ్చింది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ కథ. ఆ గేమ్ మారిపోయిందని పాత ఆటగాళ్లు గొడవ చేస్తే, కంపెనీ దగ్గర 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి ఉంది. దాన్నే 2013 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. ఒక షరతు: ఏ కొత్త ఫీచర్ పెట్టాలన్నా ఆటగాళ్ల ఓటు పెట్టాలి, నూటికి 75 మంది ఒప్పుకోవాలి. తర్వాత దాన్ని 70కి తగ్గించారు. అంటే పాతది అలాగే ఉంచడం కాదు. మార్చొచ్చు, కానీ ఆడేవాళ్లని అడిగి.

ఇది ఎందుకు పనికొచ్చిందంటే, గుర్తుందా ఆ తమ్ముడు, గుడ్‌నైట్ చెప్పి వెళ్లినవాడు? వచ్చాడు. మొదట ఒక్కడే, తర్వాత హాస్టల్ నుంచి ఇంకో నలుగురితో. ఇప్పుడు మా శనివారాల్లో సగం మంది వాళ్లే. వాడు ఒకరోజు నాతో, "అన్నా, ఒక్కటి అడగనా, ఎప్పుడూ డస్ట్ టూ యేనా?" అన్నాడు. మొదటి గంట చచ్చినా వెంటనే మళ్లీ పుట్టే డెత్‌మ్యాచ్ పెడదాం, కొత్తవాళ్లకి చేయి తిరుగుతుంది, తర్వాత మీ మ్యాచ్‌లు ఆడుకోండి అని ప్లాన్ చెప్పాడు. నెలకోసారి జాంబీ మోడ్ కూడా.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. జాంబీ మోడ్ ఏంటి, ఇది కౌంటర్ స్ట్రైక్. మా పాతవాళ్లు ఇద్దరు, "వాడెవడు మన సర్వర్ మార్చడానికి" అన్నారు. మన సర్వర్. నేనూ అదే అన్నానేమో, గుర్తులేదు. ఓటు పెట్టాం. మాది చిన్న గ్రూప్ కాబట్టి మూడింట రెండు వంతులు అనుకున్నాం. డెత్‌మ్యాచ్ గెలిచింది. జాంబీ ఓడింది, ఒకే ఒక్క ఓటు తేడాతో. ఆ ఒక్క ఓటు ఎవరిదని నన్ను అడక్కండి.

ఒక పాతవాడు అలిగి మూడు వారాలు రాలేదు. నాలుగో వారం డెత్‌మ్యాచ్ టైమ్‌కే వచ్చాడు, "ఊరికే చూద్దామని" అన్నాడు. నలభై రెండు కిల్స్ కొట్టి వెళ్లాడు.

పోయిన వారం ఆర్‌కాన్ పాస్‌వర్డ్ మార్చి నాలుగో తాళం ఆ తమ్ముడికి ఇచ్చా. డాలస్ వాడిని అడిగే ఇచ్చా. "వాడికి లినక్స్ వచ్చా?" అని ఒక్క ప్రశ్న అడిగాడు, అంతే. రాదు. నేర్పిస్తున్నా. ఆదివారం పొద్దున ఖాజాగూడ గుట్టల దగ్గర టీ తాగుతూ రెండు గంటలు కూర్చున్నాం, వాడి ల్యాప్‌టాప్‌లో బ్యాకప్ తీయడం, లాగ్స్ చదవడం. తప్పు కమాండ్ కొట్టి ఒకసారి మ్యాప్ సైకిల్ ఫైల్ మొత్తం డిలీట్ చేశాడు. మొహం తెల్లబోయింది. నేనూ నా మొదటి ఉద్యోగంలో ఇంతకన్నా పెద్దది డిలీట్ చేశా, అది చెప్పా వాడికి. ఏం డిలీట్ చేశానో మీకు చెప్పను.

ఇది రికార్డ్ చేస్తున్నది ఆదివారం. నిన్న శనివారం. తొమ్మిది నలభై అయిదుకి లోపలికెళ్తే ఆల్రెడీ ఆరుగురు ఉన్నారు, అందరూ చిన్నవాళ్లే. ఖాళీ ఆటోలో వాళ్లే కూర్చున్నారు. పది అయిదుకి పది మంది నిండారు. నేను బాత్రూమ్‌కి వెళ్లొచ్చేసరికి నా సీట్లో ఇంకెవడో చేరిపోయాడు. "అన్నా సారీ, నువ్వు వెళ్లిపోయావనుకున్నాం, దిగమంటావా?" అన్నారు. వద్దన్నా.

స్పెక్టేటర్‌లోకి వెళ్లా. అక్కడ డాలస్ వాడు ఉన్నాడు, కాఫీ తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఏంట్రా, నిన్ను కూడా బయటికి నెట్టేశారా" అన్నాడు. ఇద్దరం కూర్చుని మొత్తం మ్యాచ్ చూశాం. ఒకసారి ఆ తమ్ముడి వెనక ఒకడు కత్తి పట్టుకుని నిశ్శబ్దంగా వస్తున్నాడు. ఇద్దరికీ కనపడుతోంది. మైక్ మ్యూట్‌లో పెట్టి ఊరుకున్నాం.

సరే, ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.